పొలంలో పాత వెండి నాణెం దొరికితే: ఇంగ్లండ్‌లో మెటల్ డిటెక్టింగ్ చేసే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ వచ్చాక నాకు అలవాటైన పని ఇది. శనివారం పొద్దున్నే డిటెక్టర్ (మట్టిలో ఉన్న లోహాన్ని కనిపెట్టే మెషిన్) భుజాన వేసుకుని పొలాల్లోకి వెళ్లిపోతాను. మొన్న సెప్టెంబరులో లింకన్‌షైర్‌లో, కోత అయిపోయిన గోధుమ చేలో, నాకు ఒక పాత వెండి నాణెం దొరికింది. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి మనవాళ్లు ఎక్కడ కలిసినా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు నీకు దొరికింది ఏంటి? అది పాతదని ఎలా తెలిసింది?

మొదటి ఎలిజబెత్ రాణి కాలం నాటి ఆరు పెన్నీల నాణెం, 1569వ సంవత్సరం. ఇంగ్లిష్ వాళ్లు సిక్స్‌పెన్స్ అంటారు. జానెడు కంటే కొంచెం తక్కువ లోతులో, మట్టిపెళ్ల పక్కన నిలువుగా గుచ్చుకుని ఉంది. మొదట అంచు ఒక్కటే కనిపించింది, బూడిదరంగు గీతలాగా. ఏదో రేకు ముక్క అనుకున్నాను. రెండు వేళ్లతో పట్టుకుని తీస్తే కాగితంలా తేలిగ్గా వచ్చేసింది, ఒకవైపు రాణి మొహం, తల వెనకాల చిన్న గులాబీ పువ్వు. ఆ గులాబీ చూడగానే చేతులు వణికాయి నిజంగా.

వెడల్పు మన పది రూపాయల నాణెం అంతే ఉంటుంది, బరువు మాత్రం దానిలో సగం కూడా ఉండదు, దాదాపు 3 గ్రాములు. ఆ రోజుల్లో మిషన్లతో కాదు, రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. అందుకే వీటిని హామర్డ్ నాణేలు అంటారు. అంచు వంకరగా ఉంటుంది, అచ్చు పక్కకి జరిగి అక్షరాలు సగం తెగిపోతాయి. 1662 నుంచి మిషన్ కొట్టుడు స్థిరపడింది, అప్పట్నుంచి నాణేలు గుండ్రంగా, మందంగా వస్తాయి. ఎలిజబెత్ నాణేల్లో ఒక సులువు ఉంది: ఆరు పెన్నీల దానికి, మూడు పెన్నీల దానికి తల వెనకాల గులాబీ ఉంటుంది, వెనక్కి తిప్పితే డాలు పైన సంవత్సరం ఉంటుంది. షిల్లింగుకి, పెన్నీకి ఆ పువ్వు ఉండదు. దగ్గర దగ్గర విలువల మధ్య జనం పొరబడకుండా పెట్టిన గుర్తు అది.

1569 అంటే మనవైపు తళ్ళికోట యుద్ధం అయిన నాలుగేళ్లకి. గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా ఉన్నాడు, హైదరాబాద్ ఇంకా పుట్టనే లేదు. ఈ నాణెం మీదున్న రాణే 1600 డిసెంబర్ 31న ఈస్టిండియా కంపెనీకి చార్టర్ ఇచ్చింది. ఆ మొహాన్ని నా బొటనవేలి మీద పెట్టుకుని చూస్తుంటే మనసులో ఏవేవో ఆలోచనలు వచ్చాయి, అవన్నీ ఇక్కడ రాయను.

దొరికిన వెంటనే మొట్టమొదట ఏం చేయాలి?

కదలొద్దు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆనందంలో అందరం చేసే తప్పు లేచి నిలబడి ఫోన్ తీసి నాణేన్ని ఫోటో కొట్టి, ఫ్రెండ్‌కి కాల్ చేసి, నాలుగడుగులు అటూ ఇటూ తిరగడం, తర్వాత గుంట ఎక్కడుందో తెలియక కోసిన మోళ్ల మధ్య వెతుక్కోవడం. నేనూ చేశాను, ఇంకో నాణెం విషయంలో. ఏ పొలమో తెలుసు కానీ ఏ మూలో ఈ రోజుకీ చెప్పలేను. ఆ బాధ పోలేదు.

కాబట్టి తవ్వే పారని గుంట పక్కనే గుచ్చండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి, ఇక్కడి మ్యాపుల్లో చోటుని అంకెల్లో చెప్పడానికి వాడే గ్రిడ్ రిఫరెన్స్ ఇచ్చే యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి, కనీసం 8 అంకెలు వచ్చేలా చూసుకోండి, 10 అయితే ఇంకా మంచిది. ఎంత లోతులో ఉందో రాసుకోండి. నాణేన్ని ఆ మట్టితోనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా మీద అదే నంబర్ రాయండి. ఆ తర్వాత గుంటలో మళ్లీ కాయిల్ (డిటెక్టర్ కింద ఉండే చక్రం) తిప్పండి, తీసిన మట్టి మీద కూడా. రెండో నాణెం ఉందా లేదా అన్నది చాలా పెద్ద విషయం, ఎందుకో కింద చెప్తాను. చివర్లో గుంట పూడ్చి, కాలితో అదిమి, ముందు ఎలా ఉందో అలాగే చేయండి. గుంట వదిలేసి వస్తే ఆ రైతు ఇంకెవ్వరినీ రానివ్వడు.

మట్టి పట్టి నల్లగా ఉంది. తోమొచ్చా?

వద్దు. దయచేసి వద్దు.

మన ఇళ్లలో వెండి అంటే చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్. పండగ ముందు రోజు అమ్మ కుందులు తోముతుంటే పక్కన కూర్చుని పెరిగిన వాళ్లం, చేతులు ఊరికే ఉండవు. కానీ కుంది మందం వేరు, 450 ఏళ్లు మట్టిలో నానిన పల్చటి నాణెం వేరు. మట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి, వేలితో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. నాకు మొదట్లో ఒక మధ్యయుగపు పెన్నీ దొరికింది, మొహం కనిపించాలనే ఆత్రంతో పొలంలోనే బొటనవేలితో రుద్దాను. మొహం కనిపించింది, దాని మీద అడ్డంగా మూడు గీతలు కూడా పడ్డాయి. అవి నేను పెట్టిన గీతలు, ఇక పోవు.

ఇంటికొచ్చాక డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, మట్టి మెత్తబడి దానంతటదే ఊడుతుంది. మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి, తుడవొద్దు. నిమ్మరసం, వంటసోడా, అల్యూమినియం ఫాయిల్ ట్రిక్కులు వీడియోల్లో చూపిస్తారు, అవి వెండి పై పొరని తినేస్తాయి. ఆ నల్లటి పొర నాణేనికి రక్షణ, కొనేవాళ్లు కూడా అదే చూస్తారు. తళతళా మెరిసే హామర్డ్ నాణేన్ని చూసి తెలిసినవాళ్లు మొహం చిట్లిస్తారు. దాచేటప్పుడు పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకి ఆకుపచ్చ జిడ్డు పడుతుంది. నాణేల కోసం చేసిన గట్టి క్యాప్సూల్స్ దొరుకుతాయి, అవి తీసుకోండి.

ఆ నాణెం నాదేనా, ప్రభుత్వానికి ఇచ్చేయాలా?

ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే 1996 ట్రెజర్ యాక్ట్ చూడాలి. ట్రెజర్ అంటే చట్టం ప్రకారం ప్రభుత్వానికి చెందే నిధి. ఒకే ఒక్క మామూలు నాణెం సాధారణంగా ట్రెజర్ కిందికి రాదు, ఎంత పాతదైనా. 2021లో డెవన్‌లో ఒకాయనకి మూడో హెన్రీ కాలపు బంగారు పెన్నీ ఒక్కటి దొరికింది, 2022 జనవరి వేలంలో అది 6,48,000 పౌండ్లకి పోయింది. ఒక్కటే నాణెం కాబట్టి అమ్ముకునే హక్కు ఉండింది.

కానీ ఇక్కడ మూడు మెలికలు ఉన్నాయి. మొదటిది, నాణేనికి రంధ్రం చేసి లాకెట్‌గానో, బంగారు పూత పూసి నగగానో మార్చి ఉంటే అది నాణెం లెక్కలోకి రాదు, 300 ఏళ్లు దాటిన వెండి నగ అవుతుంది, అప్పుడు ట్రెజరే. రెండోది, 2023 జులై 30 నుంచి కొత్త నిబంధన వచ్చింది, చరిత్రకి అసాధారణంగా ముఖ్యమైన లోహపు వస్తువు 200 ఏళ్లు దాటితే చాలు, ఒక్కటైనా సరే ట్రెజర్ కావచ్చు. మూడోది మనవాళ్లు మర్చిపోయేది: ట్రెజర్ కానంత మాత్రాన మొత్తం మీదే అని కాదు, పొలం యజమానికి హక్కు ఉంది. వెతకడం మొదలుపెట్టక ముందే చెరి సగం అని కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. మంచివాడు కదా, తర్వాత చూసుకుందాం అనుకుంటే ఆ తర్వాత మొహమాటాలు, మనస్పర్థలు.

రెండు దొరికితే?

ఒకే చోట, కలిపి పోయినట్టుగా లేదా దాచినట్టుగా, 300 ఏళ్లు దాటిన నాణేలు రెండు లేదా అంతకంటే ఎక్కువ దొరికి, వాటిలో కనీసం 10 శాతం వెండి లేదా బంగారం ఉంటే అది ట్రెజర్. రాగి, ఇత్తడి లాంటివైతే 10 నాణేలు ఉండాలి. 14 రోజుల్లోపు కరోనర్‌కి (ఏది ట్రెజరో తేల్చే అధికారి) తెలియజేయాలి, మామూలుగా ఇది మీ జిల్లాలో ఉండే ఫైండ్స్ లియేజాన్ ఆఫీసర్, అంటే దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే అధికారి ద్వారానే జరుగుతుంది. చెప్పకపోతే 3 నెలల వరకు జైలు, జరిమానా కూడా ఉంది.

ఇక్కడ కాస్త ఆగి రెండు కథలు చెప్పాలి. 2019 జనవరిలో సోమర్సెట్ దగ్గర చ్యూ వ్యాలీలో ఏడుగురు స్నేహితులకి 2,584 వెండి పెన్నీలు దొరికాయి, రెండో హెరాల్డ్‌వి, అతన్ని ఓడించి రాజైన విలియమ్‌వి, అంటే 1066 యుద్ధం అప్పటివి. వాళ్లు పద్ధతిగా చెప్పారు. విలువ 43 లక్షల పౌండ్లుగా తేలింది, 2024లో అక్కడి హెరిటేజ్ ట్రస్ట్ కొన్నది, సగం దొరికినవాళ్లకి, సగం పొలం యజమానికి.

రెండో కథ 2015, హెరెఫర్డ్‌షైర్. ఇద్దరికి వైకింగుల కాలపు నిధి దొరికింది, ఎవరికీ చెప్పకుండా అమ్ముకోవడం మొదలుపెట్టారు. 2019లో ఇద్దరికీ ఏళ్ల తరబడి జైలు శిక్ష పడింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ శిక్ష కాదు. ఆ నాణేల్లో కొన్నిటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్నట్టు బొమ్మ ఉంది, వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, పొరుగు రాజ్యం మెర్సియా రాజు సియోల్‌వుల్ఫ్ ఇద్దరూ అదే బొమ్మతో నాణేలు కొట్టించారు. సియోల్‌వుల్ఫ్‌ని చేతకాని కీలుబొమ్మ రాజుగా రాసిన చరిత్రని తిరగరాయించే సాక్ష్యం అది. దానిలో చాలా భాగం ఈ రోజుకీ దొరకలేదు. ఎవరి చేతుల్లోకి పోయాయో, కరిగిపోయాయో ఎవరు చెప్తారు?

ఒక్క నాణెమే కదా, ట్రెజర్ కాదు కదా, మరి ఆఫీసర్‌కి ఎందుకు చూపించాలి?

చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. అయినా చూపించండి, నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే.

జనానికి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అని ఒకటి 1997 నుంచి నడుస్తోంది, ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మ్యూజియం చూసుకుంటుంది. వాళ్ల డేటాబేస్‌లో పదిహేను లక్షలకి పైగా వస్తువులు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ ఒక్క సిక్స్‌పెన్స్ ఒంటరిగా ఏమీ చెప్పదు. కానీ అదే చేలో ఇరవై ఏళ్లలో నలుగురికి నాలుగు పెన్నీలు, ఒక బెల్టు బకిల్, ఒక సీసపు తూకపు గుండు దొరికాయని మ్యాపు మీద చుక్కలు పడితే, అక్కడ ఒకప్పుడు సంతో, బాటో, ఊరో ఉండేదని తెలుస్తుంది. ఆ చుక్క లేకపోతే నాణెం అంటే 3 గ్రాముల వెండి.

నేను తీసుకెళ్లినప్పుడు ఆ ఆఫీసర్ భూతద్దంతో అంచు చూసి, అక్షరాల మొదట్లో ఉన్న చిన్న కిరీటం గుర్తు చూపించింది. టంకశాల వాళ్లు ఏ విడతలో కొట్టారో తెలియడానికి పెట్టుకున్న గుర్తట. నేను పదిసార్లు చూసి కూడా దాన్ని మట్టి మరక అనుకున్నాను. ఫోటోలు తీసి, తూచి, రికార్డు చేసి, కొన్ని నెలలకి నాణెం తిరిగి ఇచ్చేశారు. లాక్కుంటారని భయపడేవాళ్లు ఉన్నారు, ఆ భయం పెట్టుకోవద్దు. రైతుకి ఇబ్బంది లేకుండా కచ్చితమైన చోటు జనానికి కనిపించకుండా కూడా చూస్తారు.

ఎక్కడ వెతకొచ్చు? పార్కులో, ఊరి బయట ఖాళీ స్థలంలో?

ఇక్కడ యజమాని లేని నేల లేదు. పార్కు కౌన్సిల్‌ది, అడవి ఎవరిదో ఒకరిది. పర్మిషన్ లేకుండా వెళ్లి తవ్వి తీసుకుంటే అది దొంగతనం కిందికే వస్తుంది. రక్షిత కట్టడాలుగా ప్రకటించిన చోట్ల 1979 చట్టం ప్రకారం ప్రత్యేకంగా రాతపూర్వక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడమే నేరం, రైతు ఒప్పుకున్నా సరే. పాత కట్టడాల్ని చూసుకునే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ మ్యాపులో ముందే చూసుకోవచ్చు. రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వేవాళ్లని నైట్‌హాక్స్ అంటారు. వీళ్ల వల్ల రైతులకి మనల్ని చూస్తేనే అనుమానం.

పర్మిషన్ ఎలా అడగాలంటే, నేను ఫోన్లు, ఈమెయిళ్లు చేసి విసిగిపోయాను, చివరికి వెళ్లి తలుపు కొట్టడమే పనికొచ్చింది. కోతల హడావుడిలో వెళ్లొద్దు. శుభ్రమైన బట్టలు, చేతిలో ఇన్సూరెన్స్ కాగితం (నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో సభ్యత్వం తీసుకుంటే వస్తుంది), రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి ఆయన మాట వినడం. తొమ్మిది మంది కాదన్నారు, పదో ఆయన సరే అన్నాడు. ఏడాదికోసారి దొరికినవన్నీ డబ్బాలో పెట్టుకుని ఆయనకి చూపించడానికి వెళ్తాను, మా ఆవిడ చేసిన జంతికలు కూడా తీసుకెళ్తాను. తన తాతలు దున్నిన చేలో ఇవన్నీ ఉన్నాయా అని ఆయన ఒక్కోటీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు.

ఏ మెషిన్ కొనాలి?

మొదటిసారే వెయ్యి పౌండ్లు పెట్టకండి. మైన్‌ల్యాబ్, ఎక్స్‌పీ, గ్యారెట్, నోక్టా, ఏదైనా మొదటి స్థాయి మెషిన్ చాలు, సెకండ్‌హ్యాండ్ అయినా పర్లేదు. పిన్‌పాయింటర్ మాత్రం కొనండి, గుంటలో నాణెం ఎటువైపు ఉందో అదే చెప్తుంది. పార నాణేనికి తగిలితే ఆ దెబ్బ మానదు.

వెండి సిగ్నల్ ఎలా ఉంటుంది?

మందంగా ఉన్న వెండి నాణెం తీయగా, గట్టిగా, పై స్థాయిలో పలుకుతుంది, ఎటు నుంచి తిప్పినా ఒకేలా. కానీ పల్చటి హామర్డ్ వెండి అలా పలకదు. చిన్న పెన్నీ, సగానికి కోసిన ముక్క మెషిన్‌కి ఫాయిల్ లాగే వినిపిస్తాయి. అంటే చెత్తని వదిలేద్దామని మెషిన్ తెర మీద ఫాయిల్‌కి వచ్చే నంబర్లు ఆపేస్తే మధ్యయుగం మొత్తాన్నీ ఆపేసినట్టే. నేను కూల్‌డ్రింక్ డబ్బాల మూతలు, తూటా అడుగు భాగాలు, ట్రాక్టర్ కోసేసిన అల్యూమినియం ముక్కలు వందలు తవ్వాను, ఆ వందల మధ్యలోనే వచ్చింది రాణి. తవ్విన చెత్త మళ్లీ పొలంలో పడేయకుండా సంచిలో వేసుకుని రండి. ఒక జాగ్రత్త: పెద్దగా, బరువుగా, తుప్పు పట్టిన గొట్టంలా ఏదైనా తగిలితే ముట్టుకోవద్దు, యుద్ధకాలం నాటి పేలని గుండ్లు ఈ పొలాల్లో ఇప్పటికీ ఉన్నాయి, వెనక్కి వచ్చి 999కి కాల్ చేయండి.

అసలు వెండి నాణేలు ఊరికి దూరంగా పొలాల మధ్యకి ఎలా వచ్చాయి?

జేబులోంచి జారినవి కొన్ని. పట్టణాల్లో ఊడ్చిన చెత్త, పెంట బండ్లకెత్తి ఎరువుగా చేలకి తోలేవాళ్లు, దానితో పాటు వచ్చినవి కొన్ని. మన ఊళ్లలో పెంట తోలడం చూసినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. ఆరు పెన్నీలంటే ఆ కాలంలో కూలీకి దాదాపు ఒక రోజు కష్టం. పారేసుకున్న మనిషి ఆ సాయంత్రం చీకటి పడేదాకా వెతికే ఉంటాడని నా నమ్మకం.

వంగిపోయింది, సగం ముక్క ఉంది. పారేయాలా?

అయ్యో, అస్సలు వద్దు. 1279కి ముందు ఇంగ్లండ్‌లో చిల్లర కావాలంటే పెన్నీని నిలువునా కోసేవాళ్లు, సగం ముక్క అర పెన్నీ, పావు ముక్క పావు పెన్నీ. వెనకవైపున్న శిలువ గీతల వెంబడి శుభ్రంగా కోసి ఉంటే అది విరిగింది కాదు, కావాలని చేసిన చిల్లర. అంచులు కత్తిరించి వెండి కాజేసిన నాణేలూ దొరుకుతాయి, పట్టుబడితే ప్రాణాలు తీసేంత నేరం అది. ఇక ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా రెండువైపులా వంచిన సిక్స్‌పెన్స్ దొరికితే అది ప్రేమ గుర్తు, అబ్బాయి అమ్మాయికి వంచి ఇచ్చేవాడు. దాన్ని సరిచేయాలని ఎప్పుడూ ప్రయత్నించకండి, విరుగుతుంది, కథా పోతుంది.

అమ్మితే ఎంత వస్తుంది?

పొలంలో దొరికే మామూలు స్థితిలో ఎలిజబెత్ సిక్స్‌పెన్స్‌కి పదుల పౌండ్లే. లక్షలు వచ్చేవి వార్తల్లోకి వస్తాయి కాబట్టి అవే కనిపిస్తాయి. డబ్బు కోసమే అయితే పెట్రోలు ఖర్చు కూడా రాదు, ముందే చెప్తున్నా.

స్కాట్లాండ్‌లో, నార్తర్న్ ఐర్లాండ్‌లో కూడా ఇవే రూల్సా?

కాదు. స్కాట్లాండ్‌లో ఒక్క పాత నాణెమైనా ట్రెజర్ ట్రోవ్ యూనిట్‌కి చెప్పాల్సిందే. నార్తర్న్ ఐర్లాండ్‌లో లైసెన్స్ లేకుండా పురావస్తువుల కోసం తవ్వడమే కుదరదు. సెలవులకి వెళ్తూ డిటెక్టర్ కార్లో పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇండియా తీసుకెళ్లి ఇంట్లోవాళ్లకి చూపించొచ్చా?

ఇక్కడి మట్టిలో దొరికి 50 ఏళ్లు దాటిన వస్తువు దేశం దాటాలంటే ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలి. జేబులో వేసుకుని విమానం ఎక్కేయకండి. నేను వీడియో కాల్‌లో చూపించాను.

ఆంధ్రాలో, తెలంగాణలో మా సొంత పొలంలో డిటెక్టర్ తిప్పితే?

అక్కడ లెక్క పూర్తిగా వేరు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది 10 రూపాయల విలువ దాటితే, దొరికినవాళ్లు కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. అంటే ఒక్క వెండి రూపాయి దొరికినా చెప్పాల్సిందే. దాచిపెడితే ఏడాది వరకు జైలు. పొలం సొంతమైనా మినహాయింపు లేదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. ఇక గుప్తనిధుల పేరుతో పాడుబడ్డ గుళ్లలో, కోటల్లో నంది కింద, ధ్వజస్తంభం కింద తవ్వేవాళ్ల గురించి పేపర్లో చూస్తూనే ఉంటాం, లంకెబిందెల ఆశతో శిల్పాలు పగలగొడతారు. దయచేసి డిటెక్టర్ కొనిచ్చి వాళ్లకి తోడు పోకండి.

మన నేలలో ఏముందో తెలిసినవాడికి ఇది ఇంకా బాధ. కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్‌లో, నల్గొండ జిల్లా అక్కన్‌పల్లెలో రోమన్ వెండి దీనారీలు దొరికాయి, రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌తో వ్యాపారం ఇంత లోపలిదాకా వచ్చిందని అవే సాక్ష్యం. పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు వేలల్లో బయటపడ్డాయి. వాటి పక్కన ఊరి పేరు ఉండబట్టే ఈ రోజు మనం ఇలా చెప్పుకోగలుగుతున్నాం.

ఎవరిదో సొమ్ము, ఇంట్లో పెట్టుకుంటే మంచిదేనా?

ఇది మా అమ్మ అడిగిన ప్రశ్న. "ఎవరి ఉసురో ఏమో రా, అసలే దొరికిన సొమ్ము" అంది ఫోన్‌లో. నేను ఎవరి సమాధీ తవ్వలేదని, దున్నిన మట్టిలో ఉందని, రైతుకి చెప్పి, ఆఫీసులో రాయించి ఉంచుకున్నానని చెప్పాను. కాస్త తేలికపడింది. తర్వాత చాలాసేపు స్క్రీన్ మీద నాణేన్నే చూసింది, ఆ పువ్వు ఏంటని అడిగింది.

అప్పుడు చెప్పింది, తాతయ్య ఒకసారి నాగలికి తగిలిన విక్టోరియా బొమ్మ రూపాయి తెచ్చాడట, అదే దేవుడి గూట్లో పసుపు పూసి ఉన్నది. ముప్పై ఏళ్లుగా నేను దండం పెట్టిన రూపాయి. ఏ చేలో దొరికింది అమ్మా అని అడిగాను. పెద్ద చేనో, చెరువు కింద మడో, సరిగ్గా గుర్తులేదు నాన్నా, ఆయనుంటే చెప్పేవాడు అంది.